జార్ల రష్యాలో పల్లెటూరి రైతుకి ప్రభుత్వం అంటే ఎవరు?

గోదారిగట్టు:
ఈ వారం రష్యా విప్లవం మీద వరసగా మూడు వీడియోలు చూశాను. మూడింట్లోనూ ఒకటే కథ. రాస్‌పుతిన్ అనే సాధువు గడ్డం, రాణిగారి భక్తి, జబ్బు పిల్లాడు, తర్వాత లెనిన్ రైలు దిగడం, అంతే. నిజంగా కోపం వచ్చింది. 1897 జనాభా లెక్కల్లోనే పన్నెండున్నర కోట్ల మంది ఉన్న సామ్రాజ్యం ఒక సాధువు వల్ల కూలిపోతుందా? నాకు అర్థం కానిది ఒకటుంది. 1861లోనే సెర్ఫులకి, అంటే దొర కింద కట్టుబానిసల్లా ఉన్న రైతులకి, విముక్తి ఇచ్చేశారు కదా. మరి 1905 నాటికి ఆ రైతుల కొడుకులూ మనవలూ దొరల బంగళాలు ఎందుకు తగలబెట్టారు? అసలు ఊళ్లో ఉండే మనిషికి రోజూ కనబడే సర్కారు ఎవరు? మనకి కరణం, మునసబు ఉన్నట్టు అక్కడ ఎవరుండేవారు? తెలిసినవాళ్లు వివరంగా రాయండి, వీడియో లింకులు మాత్రం వద్దు.

మిరపతోట:
ఆకలి. ఆకలేస్తే తగలబెడతారు. ఇందులో చర్చ ఏముంది?

సివిల్స్_మూడోసారి:
మిరపతోట గారూ, ఆకలి ఒక్కటే అయితే 1891లోనే రావాలి కదా విప్లవం. వోల్గా వైపంతా కరువు, ఆ వెంటనే కలరా, నాలుగు లక్షల మందికి పైగా చనిపోయారు. అప్పుడు రాలేదు. 1917 ఫిబ్రవరిలో రాజధానిలో రొట్టె క్యూల దగ్గర మొదలైంది.

రిటైర్డ్_మాస్టారు:
గోదారిగట్టూ, కరణం అన్నావు చూడు, సరిగ్గా అక్కడే పట్టుకున్నావు. అక్కడ అతన్ని పీసర్ అనేవారు. కొన్ని ఊళ్లు కలిపి ఒక వోలొస్త్, మన ఫిర్కా లాంటిదనుకో. దానికి రైతులు ఎన్నుకున్న పెద్ద ఒకడుంటాడు గానీ చాలాచోట్ల ఆ పెద్దకి చదువు రాదు. పై నుంచి వచ్చిన హుకుంలో ఏముందో చదివి చెప్పేది పీసర్, జవాబు రాసేదీ పీసర్. 1897 లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద చదవడం వచ్చినవాళ్లు నూటికి 21 మంది, ఆడవాళ్లలో అయితే 13 మందే. అలాంటి చోట కాగితం చేతిలో ఉన్నవాడి మాటకి ఎంత విలువ ఉంటుందో మనకి తెలియనిది కాదు.

ఇక ఊళ్లో మీర్ అని రైతు కుటుంబాల పెద్దలంతా కూర్చునే సభ ఉండేది. భూమి విడివిడిగా ఎవరి పేరనా ఉండదు, మీర్‌ది. ఇంట్లో మగవాళ్లెందరు, తినే నోళ్లెన్ని అని చూసి కొన్నేళ్లకోసారి మళ్లీ పంచుతారు. పన్ను కూడా ఊరంతటికీ కలిపే. పక్కింటివాడు కట్టకపోతే నీ మీద పడుతుంది. ఈ ఉమ్మడి బాధ్యత 1903 దాకా నడిచింది. అందుకే పట్నానికి పని కోసం పోవాలన్నా ఊరు ఒప్పుకోవాలి, పాస్‌పోర్టు తెచ్చుకోవాలి. విదేశానికి కాదు నాయనా, సొంత దేశంలో పక్క జిల్లాకి.

పోలీసు సంగతి. 1878లో ఊళ్ల కోసం ఉర్యాద్నిక్ అనే కొత్త పోలీసు ఉద్యోగం పెట్టారు, మొత్తం 5,000 మందే. ఒక్కొక్కడి కింద గుర్రం మీద రోజంతా తిరిగినా తరగనన్ని ఊళ్లు. కాబట్టి రైతుకి సర్కారు రోజూ కనబడదు. కనబడిన రోజున మాత్రం పన్ను కోసమో, కొడుకుని సైన్యానికి పట్టుకుపోవడానికో, బెత్తంతో కొట్టడానికో వస్తుంది.

చిన్నక్క:
కొట్టడం అంటే చట్ట ప్రకారమేనా మాస్టారూ?

రిటైర్డ్_మాస్టారు:
చట్ట ప్రకారమే అమ్మా. వోలొస్త్ కోర్టు బెత్తం దెబ్బల శిక్ష వేయవచ్చు, అదీ రైతుకి మాత్రమే. అదే తప్పు ఒక ఉన్నత వంశం వాడు చేస్తే ఆ శిక్ష లేదు. 1904లో గానీ దాన్ని తీసేయలేదు. ఇరవయ్యో శతాబ్దం వచ్చాక కూడా మనిషి ఏ కులంలో పుట్టాడన్నదాన్ని బట్టి, వాళ్ల మాటలో సొస్లోవియే, వీపు మీద దెబ్బ పడాలా వద్దా అన్నది తేలేది. నాకు ఆ సామ్రాజ్యం గురించి ఎంత చదివినా ఇది దాటి ముందుకు పోవడం కష్టంగా ఉంటుంది.

నల్లరేగడి:
మాస్టారి మాటకి అడ్డు రావడం లేదు గానీ ఒక వైపే చెబుతున్నారు. 1864లో అదే సామ్రాజ్యం జ్యూరీ కోర్టులు పెట్టింది. 1878లో వేరా జాసులిచ్ అనే విప్లవకారిణి రాజధాని పీటర్స్‌బర్గ్ గవర్నర్ త్రేపొవ్ మీద తుపాకీ కాలిస్తే, కాల్చానని ఆమే ఒప్పుకున్నా, జ్యూరీ నిర్దోషి అంది. ఏ నిరంకుశ రాజ్యంలో అలా జరుగుతుంది? విట్టే ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు రైళ్లు, ఫ్యాక్టరీలు, 1897లో రూబుల్‌కి బంగారం మద్దతు. సైబీరియా రైలు మొదలైంది 1891లో. యుద్ధం రాకపోతే నెమ్మదిగా మారేది అని నా అభిప్రాయం.

సివిల్స్_మూడోసారి:
నల్లరేగడి అన్నా, జాసులిచ్ కేసు తర్వాత ఏం చేశారో కూడా చెప్పండి మరి. అధికారుల మీద దాడి కేసుల్ని జ్యూరీ దగ్గరనుంచి లాగేసి సైనిక కోర్టులకీ ప్రత్యేక కోర్టులకీ ఇచ్చారు. తలుపు తెరవడం, ఎవరైనా లోపలికి అడుగు పెట్టగానే మళ్లీ మూయడం. 1864లో పెట్టిన జెమ్‌స్త్వోలకీ (మన జిల్లా బోర్డులు అనుకోండి) ఇదే జరిగింది. బళ్లు, ఆసుపత్రులు, రోడ్లు బాగా చేస్తున్నారు అనుకునేసరికి 1890లో చట్టం మార్చి దొరల బలం పెంచారు, రైతు సభ్యుల్ని ఖరారు చేసే అధికారం గవర్నర్‌కిచ్చారు.

పాతపుస్తకం:
జెమ్‌స్త్వో అంటే నాకు చెహోవ్ గుర్తొస్తాడు. రచయితగా కాదు, డాక్టర్‌గా. 1892లో కలరా వచ్చినప్పుడు తనుండే మేలిహొవొ ఊరి చుట్టుపక్కల 25 ఊళ్లకి జెమ్‌స్త్వో డాక్టరుగా జీతం తీసుకోకుండా పనిచేశాడు. అలాంటి డాక్టర్లు, పంతుళ్లు, గణాంకాల వాళ్లు వేలల్లో ఉండేవారు. ఊరి గురించి సర్కారుకన్నా వాళ్లకే బాగా తెలుసు. సర్కారు వాళ్లనే అనుమానంగా చూసింది. నేను చిన్నప్పుడు విశాలాంధ్ర పుస్తకాల వ్యాను మా ఊరొస్తే రెండు రూపాయలకి సోవియట్ పుస్తకాలు కొనుక్కుని చదివాను, ఆ పుస్తకాల్లో జార్ కాలం అంతా నలుపే. పెద్దయ్యాక ఈ డాక్టర్ల సంగతి చదివి, మంచి మనుషులు ఇంతమంది ఆ వ్యవస్థ లోపలే ఉన్నారా అని చాలా బాధపడ్డాను.

గోదారిగట్టు:
చాలా బాగుంది, ఆపకండి. కానీ 1861 సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

రిటైర్డ్_మాస్టారు:
చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

దొరల కింద ఉన్న సెర్ఫులు రెండు కోట్ల ఇరవై లక్షల పైచిలుకు. కొందరిది బార్ష్చినా, అంటే దొర పొలంలో తమ గుర్రం, తమ నాగలితో ఊరికే పని చేయడం. కొందరిది ఓబ్రోక్, డబ్బు రూపంలో కట్టడం. 1861 ఫిబ్రవరి 19న జార్ రెండో అలెగ్జాండర్ విముక్తి చట్టం మీద సంతకం పెట్టాడు. మనిషి స్వేచ్ఛ పొందాడు, ఇకనుంచి అతన్ని అమ్మలేరు, పెళ్లికి దొర అనుమతి అక్కర్లేదు. ఇది చిన్న విషయం కాదు, తీసిపారేయకూడదు.

భూమి మాత్రం ఊరికే ఇవ్వలేదు. అంతకుముందు తాము దున్నుకుంటున్న భూమిలోంచి, ముఖ్యంగా నల్లమట్టి ప్రాంతాల్లో, మంచి ముక్కలు, పచ్చిక బీళ్లు, నీళ్ల దగ్గరి చోట్లు దొర కోసుకున్నాడు. మిగిలినదానికి బజారు ధరకన్నా ఎక్కువ కట్టారు. దొరకి సర్కారు బాండ్లు ఇచ్చేసింది. రైతు సర్కారుకి ఏడాదికి నూటికి ఆరు చొప్పున 49 ఏళ్లు కిస్తీ కట్టాలి. నలభై తొమ్మిది ఏళ్లు! తాత తలమీద పెట్టుకున్న అప్పు మనవడు దించుకోవాలి. ఇళ్లల్లో పనిచేసే సెర్ఫులకి అసలు భూమే రాలేదు.

రైతులు ఏమనుకున్నారంటే, జార్ అసలు విముక్తి వేరే రాశాడు, దొరలూ అధికారులూ దాన్ని దాచేసి ఈ దొంగ కాగితం చదివారు అని. కజాన్ వైపు బెజ్ద్నా అనే ఊళ్లో అంతోన్ పెత్రోవ్ అనే చదువొచ్చిన రైతు ఆ చట్టం పుస్తకం పట్టుకుని, ఇందులో పూర్తి స్వేచ్ఛ ఉంది, నేను చదివాను అన్నాడు. చుట్టుపక్కల ఊళ్లనుంచి వేలమంది అతని ఇంటి చుట్టూ చేరారు. సైన్యం వచ్చి కాల్చింది. యాభై మందికి పైగా చనిపోయారు. అతన్ని పట్టుకుని కాల్చి చంపారు. ఆ రైతులెవరూ జార్‌కి ఎదురు తిరగలేదు, జార్ మాటనే నమ్మారు.

చిన్నక్క:
ఇది చదివి మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మాది నల్లగొండ వైపు. నిజాం కాలంలో దొర గడీలో వెట్టి చేసిన ఇల్లు మాది. సొంత పొలం ఎండిపోతుంటే దొర పొలంలో నాటు వెయ్యడానికి పొద్దున్నే పోవాల్సి వచ్చేదని చెప్పేది. తమ నాగలి, తమ గుర్రం అన్నారు చూడండి, అక్కడ నాకు కళ్లు తిరిగాయి. ఆమె కూడా నిజాం మంచోడే, ఈ దొరే చెడ్డోడు అనేది. ఎక్కడైనా మనిషి పైన ఉన్నవాణ్ణి నమ్ముకునే బతుకుతాడేమో.

మిరపతోట:
అక్కా, ఇది చదివాక నా మొదటి పోస్టు వెనక్కి తీసుకుంటున్నాను. ఆకలి ఒక్కటే కాదు.

హెల్సింకి_చలి:
నేను ఫిన్‌లాండ్‌లో ఉంటాను, ఇది 1809 నుంచి 1917 దాకా ఆ సామ్రాజ్యంలోనే ఉంది. ఇక్కడ సెనేట్ స్క్వేర్ మధ్యలో పెద్ద విగ్రహం ఉంటుంది, మా ఊరినుంచి ఎవరొచ్చినా అక్కడికే తీసుకెళ్తాను. ఎవరిది అంటే రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్‌ది! స్వతంత్రం వచ్చి వందేళ్లు దాటినా తీయలేదు. మొదట్లో నాకు అర్థం కాలేదు. ఆయన ఫిన్‌లాండ్ చట్టసభని మళ్లీ పిలిచాడు, ఫిన్నిష్ భాషకి చోటిచ్చాడు. 1899 ఫిబ్రవరిలో ఆయన మనవడు రెండో నికోలస్ ఇక్కడి చట్టాల మీద రష్యా మాటే చెల్లుతుందని ప్రకటన చేస్తే, జనం వచ్చి తాత విగ్రహం దగ్గర పూలు పోశారు, గుట్టలుగా. అదే వాళ్ల నిరసన. రెండు వారాల్లో 5,20,000 పైగా సంతకాలు పోగుచేశారు, మంచులో స్కీల మీద ఇంటింటికీ తిరిగి. 500 మంది ఆ అర్జీ పట్టుకుని పీటర్స్‌బర్గ్ వెళ్లారు. నికోలస్ వాళ్లని చూడను అన్నాడు. వెనక్కి పంపేశాడు.

గోదారిగట్టు:
ఒక్క సంతకం దగ్గర కూడా ఆగి చూడలేదా! ఇది నాకు తెలియనే తెలియదు, చాలా థాంక్స్ అన్నా.

సివిల్స్_మూడోసారి:
ఇది చదివితే నాకు ఒక వరస కనిపిస్తోంది. అర్జీల వరస. 1895 జనవరిలో త్వేర్ జెమ్‌స్త్వో వాళ్లు కొత్త జార్ రెండో నికోలస్‌కి ఎంతో వినయంగా, మా మాట కూడా కొంచెం వినండి అని రాసుకున్నారు. పాలనలో జెమ్‌స్త్వోలు పాలుపంచుకోవాలనుకోవడం అర్థం లేని కలలు అని ఆయన ముఖం మీదే చెప్పాడు. 1899లో హెల్సింకి అన్న చెప్పినది. 1905 జనవరి 9న పీటర్స్‌బర్గ్ కార్మికులు, పూజారి గపోన్ ముందు నడుస్తుంటే, దేవుడి పటాలూ జార్ ఫోటోలూ పట్టుకుని, ఆదివారం బట్టలు వేసుకుని, పెళ్లాం పిల్లలతో వెళ్లారు. ఎనిమిది గంటల పని, భూమి కిస్తీల రద్దు, ఎన్నికైన సభ అడిగారు. జార్ ఆ రోజు ఊళ్లోనే లేడు. సైన్యం కాల్చింది. సర్కారు లెక్కే 130 మంది అంది. ప్రతిసారీ వెళ్లింది వేడుకోవడానికే.

నల్లరేగడి:
సరే, ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత డ్యూమా, అంటే ఎన్నికైన సభ, వచ్చింది కదా, అది మార్పు కాదా? ప్రధానమంత్రి స్తొలీపిన్ 1906 నవంబర్‌లో రైతుకి మీర్‌నుంచి బయటికొచ్చి సొంత పొలం పెట్టుకునే హక్కు ఇచ్చాడు. భూమి కిస్తీలు 1907నుంచి పూర్తిగా రద్దయ్యాయి. బళ్లు పెరిగాయి. ఇవన్నీ కాగితం మీద కాదు, నిజంగానే జరిగాయి.

లెక్కలపంతులు:
జరిగాయి నల్లరేగడి గారూ. కానీ డ్యూమా లెక్క చూడండి. మొదటిది 1906లో 72 రోజులు. రెండోది 1907 ఫిబ్రవరినుంచి జూన్ దాకా. రెండూ జార్ మాట వినలేదని రద్దు చేశారు. జూన్ 3న ఓటు చట్టమే మార్చేశారు, సభ ఆమోదం లేకుండా. కొత్త లెక్కలో దాదాపు 230 మంది భూస్వాములకి ఒక ఎలక్టర్ (సభ్యుల్ని ఎన్నుకునే ప్రతినిధి), 60,000 మంది రైతులకి ఒకరు, 1,25,000 మంది కార్మికులకి ఒకరు. ఇలా ఏర్పడిన మూడో డ్యూమా మాత్రం అయిదేళ్లు నడిచింది. 1906 ఏప్రిల్ రాజ్యాంగ చట్టాల నాలుగో అధికరణలో జార్‌ది నిరంకుశాధికారం అనే మాట అలాగే ఉంచారు.

మిరపతోట:
ఒకవైపు భూమి సంస్కరణ, ఒకవైపు ఉరితాళ్లు కూడా స్తొలీపిన్‌వే కదా. 1906 ఆగస్టునుంచి ఎనిమిది నెలలు పొలం కోర్టులని పెట్టి రెండు రోజుల్లో విచారణ ముగించి, ఆ మర్నాటికల్లా ఉరి తీసేవారు. వెయ్యి మందికి పైనే. ఉరితాడుకి స్తొలీపిన్ టై అని డ్యూమాలోనే ఒక సభ్యుడు పేరు పెట్టాడు.

రిటైర్డ్_మాస్టారు:
పొలం కోర్టు కాదు నాయనా, సైనిక క్షేత్ర న్యాయస్థానం. యుద్ధభూమి అనే అర్థంలో.

మిరపతోట:
సరిదిద్దినందుకు సంతోషం మాస్టారూ, ఆ పదం ఇంగ్లీషులో చూసి నేనే తెలుగు చేశాను.

పాతపుస్తకం:
నల్లరేగడి గారు యుద్ధం రాకపోతే అన్నారు. 1912 ఏప్రిల్‌లో లేనా బంగారు గనుల్లో యుద్ధం లేదు. కుళ్లిన మాంసం ఇచ్చారని మొదలైన సమ్మె, పిటిషన్లు పట్టుకుని నడుస్తున్న కార్మికుల మీద కాల్పులు, వందలమంది నేలకొరిగారు. హోం మంత్రి మకారొవ్ డ్యూమాలో నిలబడి, ఇలాగే జరిగింది, ఇకముందూ ఇలాగే జరుగుతుంది అన్నాడు. ఆ మాట దేశమంతా పాకింది. సమ్మెలు మళ్లీ పెరిగి 1914 జూలై నాటికి రాజధాని వీధుల్లో అడ్డుగోడలు కట్టేదాకా వచ్చింది. యుద్ధం మంట పెట్టిందంటే ఒప్పుకుంటాను, కానీ ఎండుగడ్డి ముందే పేర్చి ఉంది.

నల్లరేగడి:
లేనా విషయంలో నా దగ్గర జవాబు లేదు. మీ మాట నిజం. అయినా అప్పటి బళ్లలో చదువుకున్న పిల్లల తరం పెద్దయ్యేదాకా ఆ దేశానికి టైమ్ దొరకలేదన్న బాధ నాకు పోదు.

చిన్నక్క:
యూదుల గురించి ఎవరూ రాయలేదేం? వాళ్లు పశ్చిమాన కొన్ని జిల్లాల్లోనే ఉండాలని చట్టం, 1917 దాకా. 1887నుంచి హైస్కూల్లో కూడా కోటా, ఆ జిల్లాల్లో నూటికి పది, బయట అయిదు, రాజధానుల్లో, అంటే పీటర్స్‌బర్గ్, మాస్కోల్లో, నూటికి మూడు సీట్లు. 1903లో కిషినేవ్‌లో ఈస్టర్ పండగ రోజు మొదలై 49 మందిని చంపారు. పోలీసులు చూస్తూ నిలబడ్డారు. ఉక్రెయిన్ భాషలో పుస్తకాలు అచ్చు వేయకూడదని 1876లో రహస్య హుకుం. మన భాషలో పుస్తకం అచ్చు వేయొద్దంటే మనకెలా ఉంటుంది? ఆ సామ్రాజ్యంలో రష్యన్లు సగానికన్నా తక్కువే, నూటికి 44 మంది.

లెక్కలపంతులు:
చిన్నక్క గారూ, చాలా మంచి పాయింటు. నేను మర్చిపోయాను.

గోదారిగట్టు:
మాస్టారూ, ఒక్క సందేహం మిగిలింది. 1905నాటి రైతులు ఏం కోరుకున్నారో మనకెలా తెలుసు? పీసర్ తప్ప రాసేవాడు లేడన్నారు కదా.

రిటైర్డ్_మాస్టారు:
మంచి ప్రశ్న. 1905 ఫిబ్రవరి 18న జార్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు, రాజ్య క్షేమం గురించి ఎవరైనా తమ ఆలోచనలు పంపుకోవచ్చని. అంతకుముందు అలా మూకుమ్మడిగా అడగడమే నేరం. ఊళ్లల్లో మీర్ సభలు కూర్చున్నాయి. బడిపంతులో, జెమ్‌స్త్వో ఉద్యోగో, ఊళ్లోనే చదువుకున్న కుర్రాడో కలం పట్టుకున్నాడు, చదువు రానివాళ్ల తరఫున ఇంకొకరు సంతకం పెట్టారు. భూమి దున్నేవాడిదే కావాలి, పన్ను తగ్గాలి, పిల్లలకి బడి కావాలి అన్నారు. ఇంకా, జెమ్‌స్కీ నచాల్నిక్‌ని తీసేయమన్నారు. వీణ్ణి నేను మొదటి పోస్టులో చెప్పడం మరిచాను, అసలు నీ ప్రశ్నకి జవాబు వీడే. 1889లో పెట్టారు, ఆ చుట్టుపక్కల దొరల్లోంచే ఎంచుకునేవారు. పాలనా వీడిదే, తీర్పూ వీడిదే. మీర్ తీర్మానం ఆపగలడు, ఊరి పెద్దని పదవినుంచి తప్పించగలడు, విచారణ లేకుండా రైతుని రెండు మూడు రోజులు కొట్లో పెట్టగలడు. విముక్తి వచ్చిన 28 ఏళ్లకి దొరని మళ్లీ తెచ్చి, ఈసారి సర్కారు టోపీ పెట్టి ఊరి నెత్తిమీద కూర్చోబెట్టారు. మిగతా జనంతో సమానంగా చూడండి, అందరికీ ఉన్న కోర్టే మాకూ ఉండాలి అని ఆ అర్జీల్లో మళ్లీ మళ్లీ రాశారు.

ఆ ఉత్తర్వుని అదే ఏడాది ఆగస్టు 6న రద్దు చేశారు. ఆ శరత్కాలంలో బంగళాలు తగలబడ్డాయి.

గోదారిగట్టు:
ఫిబ్రవరినుంచి ఆగస్టు. ఆరు నెలలు కూడా నిండలేదు.

హెల్సింకి_చలి:
తేదీలు పోల్చుకునేవాళ్ల కోసం ఒక మాట. మాస్టారూ, సివిల్స్ గారూ ఇచ్చినవి రష్యా పాత క్యాలెండర్ తేదీలు. 1800ల్లో 12 రోజులు, 1900 తర్వాత 13 రోజులు కలుపుకోవాలి. జనవరి 9 అంటే మనకి జనవరి 22. నేను రేపు సెనేట్ స్క్వేర్ మీదుగానే ఆఫీసుకి వెళ్తాను, విగ్రహం ఫోటో తీసి ఇక్కడ పెడతాను.

చిన్నక్క:
పెట్టండి అన్నా, మా అబ్బాయికి చూపిస్తాను.